వెల్డింగ్ రాడ్ల ఖర్చు ఎవరి ఖాతాలో?

పేద దేశాల్లో వృత్తి శిక్షణ గురించి ఎవరు మాట్లాడినా ముందు నిధులు చాలట్లేదు అంటారు. నిజమే, చాలవు. కానీ ఉన్న కాస్త డబ్బు ఎవరి జేబులోంచి వచ్చి ఎవరి చేతికి చేరుతోందో చూస్తే ఇంకా చిరాకేస్తుంది.

మామూలు ప్రభుత్వ ట్రైనింగ్ సెంటర్ బడ్జెట్ తీసుకోండి. సింహభాగం జీతాలకే పోతుంది, కరెంటు బిల్లు కట్టాక ఏమన్నా మిగిలితే దాంట్లోనే వెల్డింగ్ రాడ్లు, ఇనప ప్లేట్లు, గ్యాసు, కటింగ్ వీల్స్ అన్నీ కొనాలి. చరిత్ర పాఠమైతే బోర్డు, చాక్‌పీసు ఉంటే నడిచిపోతుంది, వెల్డింగ్‌లో రాడ్డు కాలితేనే పాఠం. రాడ్లు తక్కువున్న రోజు సార్ ఒక బీడ్, అంటే కరిగిన లోహంతో అతుకు గీత, వేసి చూపిస్తారు, ముందున్న ఇద్దరు ముగ్గురు హోల్డర్ పట్టుకుంటారు, మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూస్తారు, అలా చూసి చూసి చివరికి సర్టిఫికెట్ పట్టుకుని బయటికొస్తారు. అదే షెడ్డులో మూలన విదేశీ సాయంతో వచ్చిన, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ కవరు కప్పుకుని ఉంటుంది. మెషీన్ కొనడానికి గ్రాంటు ఇచ్చారు, స్పేర్ పార్టులకి ఇవ్వలేదు మరి.

సర్కారు ఖజానా మీద ఆధారపడితే ఇంతే అని చాలా దేశాలు లెవీ పెట్టాయి, అంటే కంపెనీలు ఇచ్చే జీతాల మొత్తం మీద కొంత శాతం. బ్రెజిల్‌లో 1942లో సెనాయ్ అనే పారిశ్రామిక శిక్షణ సంస్థ పెట్టారు, దానికోసం పరిశ్రమల దగ్గర 1 శాతం తీసుకుంటారు, నడిపేది కూడా పరిశ్రమల సమాఖ్యే, కాబట్టి డబ్బు కట్టినవాళ్లే ఏ ట్రేడు నేర్పాలో చెప్పగలిగారు. దీని వెనక లాజిక్ సింపుల్, నేను ఖర్చుపెట్టి కుర్రాణ్ణి తయారుచేస్తే పక్క కంపెనీవాడు రెండొందలు ఎక్కువిచ్చి లాక్కుపోతాడు, అందుకని ఎవరూ నేర్పరు, అదే అందరి దగ్గరా వసూలు చేస్తే ఆ భయం కొంత తగ్గుతుంది.

వినడానికి బాగుంది. దక్షిణాఫ్రికాలో కూడా 1 శాతం లెవీ ఉంది, అందులో 20 శాతం జాతీయ స్కిల్స్ ఫండ్‌కి, మిగతాది రంగాలవారీగా శిక్షణ వ్యవహారాలు చూసే సెటాలు అనే సంస్థలకి వెళ్తుంది. కంపెనీ ట్రైనింగ్ ప్లాను, రిపోర్టు పెడితే కొంత వాపసొస్తుంది. ఇక్కడే కిటుకు, పెద్ద కంపెనీకి ఆ ఫారాలు నింపడానికి హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంటు ఉంటుంది, పదిమందితో నడిచే వర్క్‌షాపు ఓనరు ఆ కాగితాల జోలికి పోడు, కట్టింది కట్టినట్టే వదిలేస్తాడు. అంటే చిన్నోడి డబ్బుతో పెద్దోడికి ట్రైనింగ్! టాంజానియాలోదైతే ఇంకో కథ, స్కిల్స్ పేరుతో వసూలు చేసినదాంట్లో చాలా ఏళ్లపాటు మూడో వంతే వెటా అనే శిక్షణ సంస్థకి చేరింది, మిగతాదంతా వేరే ఖర్చులకి. పన్ను పేరులో స్కిల్ అని రాసినంత మాత్రాన డబ్బు అటే పోతుందని గ్యారెంటీ లేదు.

ఇదంతా జీతాల రిజిస్టరు ఉన్న కంపెనీల సంగతి. ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఎక్కువమంది పనిచేసేది రిజిస్టరే లేని చోట, అక్కడ లెవీ ఎవరి దగ్గర వసూలు చేస్తారు? ఘనాలో మెకానిక్ పనో కుట్టుపనో నేర్చుకోవాలంటే చాలామంది ఒక మాస్టర్ దగ్గర చేరతారు, చేరేటప్పుడు ఇంటివాళ్లే ఫీజు కడతారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి చేతిఖర్చుకి ఏదో ఇస్తే తీసుకుంటూ చాకిరీ చేస్తారు. అక్కడ శిక్షణకి అసలు ఫైనాన్సర్ ఆ పేద తల్లిదండ్రులే, ఆ మొత్తం ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించదు.

నాకు నచ్చిన ప్రయత్నం కెన్యాది. 1997లో వరల్డ్ బ్యాంక్ డబ్బుతో జువా కాలి వాళ్లకి, అంటే ఎండలో రోడ్డు పక్కన పనిచేసుకునే చిన్న కార్మికులకి, శిక్షణ ఫీజు కింద చెల్లే వోచర్లు ఇచ్చారు. కొంత వాళ్లు కట్టుకోవాలి, మిగతాది వోచర్ చూసుకుంటుంది, నచ్చినచోట నేర్చుకోవచ్చు. చాలామంది పెద్ద కాలేజీలకి పోకుండా అనుభవం ఉన్న మేస్త్రీల దగ్గరికే వెళ్లారు, దాంతో ఆ మేస్త్రీలే ట్రైనర్లయ్యారు. లోపాలు లేకపోలేదు, వోచర్లు పంచే యంత్రాంగానికే బోలెడు ఖర్చయింది. ప్రాజెక్టు డబ్బు అయిపోయాక ఆ వోచర్లూ ఆగిపోయాయి. అదే లెవీ ఫండులో ఒక వాటా చట్టంలోనే పక్కన పెట్టేసి, ఫారాలు ఒక్క పేజీకి కుదించి, మేస్త్రీ దగ్గర చేరే పిల్లల ఫీజు, పనిముట్లు, రాడ్లు దాన్నించి ఇస్తే ప్రాజెక్టుల కోసం ఎదురుచూడక్కర్లేదు.