వ్యాసంలో నా మాట ఏదో తేల్చుకున్నాక

గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపర్ 150 మార్కులది. మూడు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి. ప్రిపరేషన్‌లో నేను ఎక్కువ కుస్తీ పట్టింది దీంతోనే. విషయం దొరక్క కాదు, ఏ అంశమిచ్చినా "ఇంతకీ నువ్వేమంటావు?" అంటే ఒక్క వాక్యంలో చెప్పగలగడం అలవడటానికి.

లాభాలు కాస్త, నష్టాలు కాస్త, చివర్లో "ప్రభుత్వం, ప్రజలు కలిసి కృషి చేయాలి". కోచింగుల్లో చాలా పేపర్లు ఇలాగే ఉంటాయి. మాకు ఒకసారి "సంపూర్ణ మద్యనిషేధం సాధ్యమేనా?" అని ఇచ్చారు. మాస్టారు ఒక పేపరంతా చదివి, "అయితే పెట్టమంటావా, వద్దంటావా అమ్మా?" అని అడిగారు. ఆ అమ్మాయికి పాయింట్లన్నీ నోటికి వచ్చు. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు లేదు.

నేను ఆ అంశాన్నే మళ్లీ తీసుకున్నా. ముందుగా రఫ్ పేజీలో ఒక వాక్యం: "రాష్ట్రమంతటికీ పైనుంచి నిషేధం వద్దు, తమ ఊళ్లో దుకాణం ఉండాలో లేదో తేల్చే హక్కు గ్రామసభకు ఇవ్వాలి." అది రాశాక తెలిసిన విషయాలే వేరే వరుసలో వచ్చాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి సారా కొట్టు మూయించడం మొదటికొచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు. దొంగ సరుకు, ఖజానాకు గండి లాంటి కారణాలు అప్పటిదాకా నాకు వట్టి సమాచారం. ఇప్పుడు నా వాదనకు సాక్ష్యం. మద్యనిషేధానికి ప్రభుత్వం కృషి చేయాలనే రాజ్యాంగంలోని 47వ అధికరణం ఒక్క వాక్యంలో సరిపోయింది.

గుజరాత్ మాత్రం అడ్డం తగిలింది. 1960లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి అక్కడ నిషేధం ఉంది కదా! పక్షం తీసుకోకపోతే దాన్నీ జాబితాలో వేసి ముందుకు పోయేదాన్ని. తీసుకున్నాను కాబట్టి జవాబు చెప్పాల్సి వచ్చింది. 2022 జులైలో బోటాద్ ప్రాంతంలో కల్తీసారాకు 40 మందికి పైగా బలయ్యారు. చట్టం నిలిచినా సారా ఆగలేదని రాశాను. "పక్క ఊళ్లో కొట్టు తెరిచే ఉంటే?" అని రూమ్మేట్ నిలదీసింది. న్యాయమైన ప్రశ్న. దానికి ఒక పేరా పూర్తిగా కేటాయించి, చుట్టుపక్కల పంచాయతీలు కలిసి తీర్మానించే వీలుండాలని చేర్చాను.

మన అభిప్రాయం దిద్దేవాళ్లకు నచ్చకపోతే అన్న భయం చాలామందికి ఉంటుంది. నేను పట్టించుకోను. పార్టీల మీద తీర్పులు, తిట్లు వద్దు, నిజమే. కానీ కారణాలు చూపించి, ఎదుటి వాదనకు జవాబిచ్చిన వ్యాసాన్ని అభిప్రాయం వేరైనవాళ్లు కూడా చివరిదాకా చదువుతారు.

నా వాక్యానికి ఆధారం వెతుకుతుంటేనే గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం కళ్లబడింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే రాజ్యాంగం ప్రకారం ప్రకటించిన గిరిజన ప్రాంతాల్లో, మద్యాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభలకూ పంచాయతీలకూ ఉండాలని అది చెబుతోంది. నా ముగింపు పేరా అక్కడే దొరికింది: ఆ హక్కును మైదాన ప్రాంత గ్రామాలకూ వర్తింపజేయాలి.