మ్యూజియం కన్నా ముందు శిల్పశాల

తిరుపతికి వచ్చే బంధుమిత్రులలో చాలామంది, దర్శనం అయ్యాక రైలుకు ఇంకా సమయం ఉంటే ఏదైనా మ్యూజియం చూపించమని అడుగుతారు. కొండమీది శ్రీవేంకటేశ్వర మ్యూజియం గానీ చంద్రగిరి రాజమహల్ గానీ ఒక పూటలో చూసి రావచ్చు కనుక ఆ కోరిక సమంజసమే. అయితే వీలున్నప్పుడల్లా నేను వారిని ముందుగా బొమ్మలు తయారయ్యే చోటికి తీసుకువెళ్తాను. ఈ ప్రాంతపు మ్యూజియాలలో కనిపించే కళ గతించిపోయినది కాదు. అవే కొలతలతో ఇక్కడ నేటికీ సాగుతున్న పని.

తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధ్వర్యంలోని సంప్రదాయ శిల్ప కళాశాలలో రాతి శిల్పం, లోహ శిల్పం, సుధా శిల్పం (సున్నపు గారతో బొమ్మలు చేయడం), కొయ్య చెక్కడం, చిత్రలేఖనం, కలంకారీ నేర్పుతారు. అక్కడ విద్యార్థికి ఉలికన్నా ముందు పరిచయమయ్యేది తాళమానం, అంటే విగ్రహాల కొలతల పద్ధతి. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి 12 అంగుళాలు. ప్రధాన దేవతామూర్తికి ఉత్తమ దశతాళం, అంటే పది తాళాల 120 అంగుళాలకు మరో 4 కలిపి 124 అంగుళాలు. ఈ అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం ఎత్తును బట్టే ఏర్పడే కొలత. పంచలోహ విగ్రహానికైతే మొదట మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి ఆరబెట్టి, కాల్చినప్పుడు మైనం కరిగి బయటికి పోగా మిగిలిన ఖాళీలోకి కరిగిన లోహాన్ని పోస్తారు. అచ్చు పగలగొట్టాకే విగ్రహం బయటపడుతుంది కనుక అదే అచ్చుతో రెండోది పోయడం కుదరదు.

ఇది తెలిశాక చంద్రగిరికి వెళ్తే చూపు మారుతుంది. కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ మూడంతస్తుల రాజమహలే ఒక ప్రదర్శన వస్తువు. లోపల పురావస్తు శాఖ వారి మ్యూజియంలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలిచిన ప్రతిమల నకళ్లు ఉన్నాయి. అసలువి తిరుమల ఆలయంలోనే ఉన్నా, "జరగండి, జరగండి" అనే కేకల మధ్య వాటిని నిలబడి చూసినవారు ఎందరుంటారు? రాయల తలమీది పొడవాటి కుళ్ళాయినీ, రాణుల నగలనూ తీరికగా చూడాలంటే చంద్రగిరే నయం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం 40 కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకాళహస్తి. 1950ల్లో, చేతివృత్తుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో తిరిగి ఊపిరి పోసుకున్న కలంకారీ అక్కడ ఇప్పటికీ ఇళ్లలోనే జరుగుతోంది. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో బట్టను తడిపి ఆరవేస్తారు. పాలలోని జిడ్డు రంగును పక్కకు పాకనివ్వదు. చింత పుల్లలను కాల్చిన బొగ్గుతో చిత్తు గీత గీసి, ఆ మీద వెదురు కలంతో నల్లరంగు దిద్దుతారు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియగా వచ్చే ఆ ద్రవాన్ని కసిమి అంటారు. కలానికి చుట్టిన గుడ్డను వేలితో నొక్కుతుంటే కసిమి కలం మొనలోకి దిగుతుంది; బట్టలోని కరక్కాయ వగరు, ఇనుము కలిసిన చోట గీత నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి, ఉతికి, రంగునిచ్చే వేర్లతో, చెక్కతో కలిపి ఉడికిస్తారు. పటిక తగిలిన మేరకే ఎరుపు పట్టుకుంటుంది. తప్పు గీత పడితే చెరిపే ఉపాయం లేదు గనుక, రామాయణ ఘట్టాలతో నిండిన పెద్ద తెరను చూసినప్పుడు నాకు మొదట కనిపించేది గీసినవారి చేతి నిబ్బరం. ఈ కళకే జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అచ్చు యంత్రం మీద కొట్టిన చీరలను కూడా బజారులో కలంకారీ అనే అమ్ముతున్నారు. చేతి గీతలో మందం అక్కడక్కడా మారుతుంది, యంత్రం గీతలో ఒకే పువ్వు వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్లీ మళ్లీ వస్తుంది.

మ్యూజియంలో పూర్తయిన విగ్రహం పక్కన దాని మైనపు రూపాన్నీ, కలంకారీ తెర పక్కన సగం రంగులు పడిన గుడ్డనూ, చేసినవారి పేరునూ ఉంచితే, శిల్పశాల దాకా వెళ్లే తీరిక లేని యాత్రికుడికీ ఈ పని కొంత అర్థమవుతుంది. అందాకా రెండు చోట్లకూ వెళ్లక తప్పదు. చంద్రగిరి మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ రోజు శ్రీకాళహస్తి ప్రయాణం పెట్టుకోవడం మేలు.