విశాఖలో రెండు లెన్సులు

మా బావ నా ఫొటోలు చూసినప్పుడల్లా ఒకటే మాట: "కిట్ లెన్స్‌తో అంతేరా, షార్ప్‌గా రావు." విని విని విసుగెత్తి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు కొన్నాను. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుంది. వారం తిరక్కుండానే విజయవాడలో రత్నాచల్ ఎక్కి విశాఖలో బావ ఇంట్లో దిగాను. కెమెరాతో వచ్చిన పాత 18-55 జూమ్ కిట్ లెన్స్ కూడా సంచిలో వేసుకున్నాను, ఏది షార్ప్‌గా వస్తుందో పందెం తేలాలి కదా.

నాలుగింటి ఎండలో ఆర్కే బీచ్‌లో కురుసురా ముందు మొదలుపెట్టాం. 2001లో నౌకాదళం నుంచి విరమించి, మరుసటి ఏడాది మ్యూజియం అయిన జలాంతర్గామి. కదలదు, మెదలదు, ఇంతకంటే బుద్ధిమంతురాలైన మోడల్ దొరకదు. పాతదాన్ని కూడా 50 దగ్గరే పెట్టి తీశాను. ఎఫ్ 5.6లో పాతదాని ఫొటోలో అంచులు మసకగా మెత్తబడ్డాయి, కొత్తదానివి నిలబడ్డాయి. ఎఫ్ 8కి వచ్చేసరికి బావ లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూసినా మధ్యభాగంలో ఏది ఏదో చెప్పలేకపోయాడు. కొత్తదాన్ని 1.8కి పూర్తిగా తెరిస్తే అదే పాతదానికన్నా మెత్తన!

ఇంతలో నా కళ్లద్దాలు మసకబారాయి. సముద్రపు గాలి, ఉప్పు పొర. అనుమానమొచ్చి లెన్సు చూస్తే దానిమీదా అదే. మెత్తటి గుడ్డతో తుడిచాక పాత లెన్సులో వచ్చిన తేటదనం చూసి బావ నోరు మెదపలేదు.

కైలాసగిరి మీంచి డాల్ఫిన్ నోస్ కొండను తీస్తే రెండింటిలోనూ ఒకే బూడిదరంగు మూపురం. మధ్యనున్న తేమగాలికి ఏ గాజూ మందు కాదు.

మర్నాడు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరా బయటి ఉక్కలోకి రాగానే లెన్సు నిండా ఆవిరి. తుడిచినకొద్దీ పట్టేస్తోంది. పావుగంట టీ తాగుతూ కూర్చోవడమే మిగిలింది.

ఆ తర్వాతే లెన్సు డబ్బులు గిట్టాయి. బల్బుల వెలుగులో చందువాలు, వంజరాలు వేలం వేస్తున్నారు. పాతదానితో షట్టర్, అంటే వెలుగుకు తెరిచి మూసే తలుపు, 1/15 సెకను కన్నా వేగంగా పోలేదు. దానిలోని స్టెబిలైజర్ నా చేతి వణుకును ఆపిందేమోగానీ, చేపలు ఏరుతున్న చేతుల్ని ఆపలేదు కదా! పాతదాని ఎఫ్ 5.6తో పోలిస్తే కొత్తదాని ఎఫ్ 1.8లో దాదాపు 10 రెట్ల వెలుగు లోపలికొస్తుంది, షట్టర్ 1/150 దాకా వెళ్లింది. వేళ్లమీది పొలుసులు కూడా లెక్కపెట్టేట్టు వచ్చాయి. గాజు నాణ్యత కన్నా ఆ వేగమే ఫొటోను నిలబెట్టింది.

బుట్ట దగ్గరున్నావిడకి గర్వంగా తెర చూపించాను. ఆవిడ కళ్లు చికిలించి, "సేతులు బాగానే ఉన్నాయి గానీ, నా మొగమేటి బాబూ, ఇలా అలికేసినట్టుంది?" అంది.

1.8లో ఫోకస్ అంత పల్చన. వేళ్లకు కుదిరింది, జానెడు వెనకున్న మొహం జారిపోయింది. బావ అటు తిరిగి నవ్వుతున్నాడు.