ఫోన్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఇంకోటి

నారాయణపేటలో మా వదిన వాళ్ల చీరల దుకాణానికి వెబ్‌సైట్ కట్టాం. డొమైన్ (సైట్ పేరు) ఒకచోట కొన్నాం, హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్) ఇంకోచోట తీసుకున్నాం. ఆ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్ సెట్టింగుల్లో, 'ఏ' రికార్డులో సర్వర్ ఐపీ అడ్రస్, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి సీనేమ్ (ఒక పేరును ఇంకో పేరుకి కలిపే రికార్డు) పెట్టాను. ల్యాప్‌టాప్‌లో గళ్ల చీరలు, వాటి గుడి అంచులు చక్కగా కనిపిస్తున్నాయి. వదిన ఫోన్‌లో మాత్రం డొమైన్ అమ్మినవాళ్ల ఖాళీ పేజీ.

"తమ్మీ, మన చీరలేవి?" అని ఆమె అడుగుతుంటే నాకు ఒకటే టెన్షన్.

ఇలాంటప్పుడు, డీఎన్ఎస్ మార్పు అంతటా చేరేదాకా 48 గంటలు ఆగమని అందరూ చెప్తారు. కానీ టీటీఎల్ (పాత అడ్రస్‌ని ఎంతసేపు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే అంకె) 3600 సెకన్లని ఉంది, అంటే గంట. పొద్దున పెట్టింది రాత్రికి కూడా మారలేదంటే కారణం వేరే ఉండాలి.

వదిన ఫోన్‌నే వైఫైకి కలిపి చూశా. సైట్ వచ్చింది! మొబైల్ డేటాకి మార్చగానే మళ్లీ ఖాళీ పేజీ. అక్కడ దొరికింది అసలు సంగతి. డీఎన్ఎస్ పేజీలో అడుగున, ముందు నుంచీ ఉన్న 'ఏఏఏఏ' రికార్డు ఒకటి అలాగే ఉంది. 'ఏ' పాత రకం ఐపీ అడ్రస్ అంటే ఐపీవీ4 చెప్తుంది, 'ఏఏఏఏ' కొత్త రకం ఐపీవీ6ది. మొబైల్ డేటా ఐపీవీ6 మీద నడుస్తోంది కాబట్టి ఫోన్ ఆ పాత అడ్రస్‌కే పోతోంది. సైట్‌కి తాళం గుర్తు తెచ్చే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ కూడా అప్పటిదాకా రాలేదు, దానికీ అదే కారణం. ఆ సర్టిఫికెట్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కూడా ఐపీవీ6 అడ్రస్ ఉంటే ముందు అక్కడికే వెళ్లి చూస్తుంది.

ఆ ఒక్క రికార్డు తీసేశా. మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు జోలికి పోలేదు, అది కదిలిస్తే దుకాణం మెయిల్స్ ఆగిపోతాయి. కాసేపటికి తాళం గుర్తుతో సహా సైట్ వచ్చేసింది. వదిన వెంటనే సోలాపూర్‌లో ఉన్న వాళ్ల అక్కకి లింక్ పంపింది.

హోస్టింగ్ వాళ్ల సూచనల్లో పాత 'ఏఏఏఏ' తీసేయమని ఒక్క లైను రాసి ఉంటే ఎంత బాగుండేది!