తీసివేతలో అప్పు మాట మానేశాను

2024 అక్టోబరులో, దసరా సెలవులు ముగిసిన రోజుల్లోనే, మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక తండా ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్‌గా చేరాను. ఆ ఏడాది జులై 18 నుంచి ఆగస్టు 5 వరకు జరిగిన డీఎస్సీ కోసం చదివిన చదువు ఇంకా తలలోనే ఉంది. మనస్తత్వవేత్త పియాజే చెప్పిన మూర్త ప్రచాలక దశ, అంటే పిల్లలు కంటికి కనిపించే వస్తువుల సాయంతో ఆలోచించే దశ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని నిద్రలో లేపి అడిగినా 7 నుంచి 11 ఏళ్లు అని చెప్పేదాన్ని. ఆ వయసు పిల్లలు ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం చేయాలో మాత్రం తెలియదు.

మా బడిలో అయిదు తరగతులు, 34 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరే. నాలుగు, అయిదు తరగతులు పెద్దసారువి. ఒకటి, రెండు, మూడు నావి, మూడూ ఒకే గదిలో. ఆయన చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లిన రోజు అయిదూ నావే.

చేరిన మొదటి వారంలో మూడో తరగతి వాళ్లకు బోర్డు మీద 42 – 17 ఇచ్చాను. పదకొండు మందిలో ఏడుగురు 35 అని రాశారు. ఒకరిని చూసి ఒకరు రాశారనుకుని వేరువేరుగా కూర్చోబెట్టి 63 – 28 ఇస్తే మళ్లీ అదే తీరు, 45. అప్పుడు అర్థమైంది. రెండులో నుంచి ఏడు పోదు కాబట్టి ఏడులో నుంచి రెండు తీసేస్తున్నారు. అంటే వాళ్లు తోచినట్టు రాయడం లేదు, ఒక నియమం పాటిస్తున్నారు. ఎప్పుడైనా పెద్దదాంట్లో నుంచే చిన్నది తీయాలని ఒకటో తరగతిలో చెప్పింది మేమే కదా.

నాకు చిన్నప్పుడు ఎలా చెప్పారో అలాగే చెప్పాను. రెండు తన పక్కింటి నాలుగు దగ్గరికి వెళ్లి ఒకటి అప్పు తెచ్చుకుంటుంది, అప్పుడు అది పన్నెండు అవుతుంది. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేచింది.

“రెండుకు ఒకటి తెస్తే మూడు కదా మేడం, పన్నెండు ఎలా?”

నా దగ్గర జవాబు లేదు. “అలాగే అవుతుంది, రాసుకో” అన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మర్నాడు అదే అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. “తెచ్చిన అప్పు మళ్లీ ఎప్పుడు ఇస్తుంది?” అందరూ నవ్వారు, ఆ అమ్మాయి నవ్వలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటమ్మ చెప్పింది. దసరాకు ముందే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వాళ్ల అమ్మానాన్నలు పుణేకు ఇళ్ల కట్టుబడి పనికి వెళ్లారట. ఆ అమ్మాయి, తమ్ముడు నానమ్మ దగ్గర ఉంటున్నారు. అప్పు తీరితే వాళ్లు వస్తారు. నేను బోర్డు మీద ఆడుతూ పాడుతూ వాడిన మాట ఆ ఇంట్లో అంత బరువైనదని నాకు తెలియదు. అయినా ఆ మాటను వెంటనే వదల్లేదు. చేతిలో వేరే మాట లేక ఇంకో రెండు రోజులు అదే వాడాను.

అది సీతాఫలాల కాలం. బాలానగర్ సీతాఫలమని పేరున్న రకం మా జిల్లాదే. గుట్టల మీది కాయలు పిల్లల సంచుల్లో పుస్తకాలతో పాటు వచ్చేవి. వాళ్లు తిని ఉమ్మేసిన గింజలు కడిగి, ఆరబెట్టి, లెక్కలకు వాడుకోవచ్చనిపించింది. పది సీతాఫలం గింజలు ఇస్తే ఒక చింతగింజ, అంటే ఆ ఒక్క గింజే ఒక పది. ఎంతో తెలివైన ఆలోచన చేశాననుకున్నాను. పిల్లలు మాత్రం చింతగింజ చేతిలో పట్టుకుని “ఇది ఒకటే కదా” అన్నారు. ఒకటి పది ఎలా అవుతుందన్న పాత తగాదానే గింజల రూపంలో తిరిగి వచ్చింది. ఇంతలో వంటమ్మ చూసి కేకలేసింది. ఆ గింజలు నూరి పేల మందుగా తలకు పెడతారు, ఆ పొడి కంట్లో పడితే చూపే పోతుంది, చిన్నపిల్లల చేతికి ఎవరైనా ఇస్తారా మేడం అని. ఆమె చెప్పింది నిజం. గింజలన్నీ తీసుకెళ్లి బడి వెనక పాతిపెట్టి, పిల్లలందరి చేతులూ సబ్బుతో కడిగించాను.

చివరికి పనికొచ్చింది బడి చీపురు. కొబ్బరి చీపురు పుల్లలు జానెడేసి ముక్కలు చేసి, పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేసి కట్టమన్నాను. ఒక కట్టలో తొమ్మిది, ఇంకో కట్టలో పదకొండు. సరిచేసుకోవడానికే రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత అసలు వింత మొదలైంది. ఎవరి కట్టలు వాళ్లే కట్టుకున్నారు, అయినా పొద్దున్నే రాగానే విప్పి మళ్లీ లెక్కపెట్టేవాళ్లు. కిటికీ పక్క అమ్మాయి లంబాడీలో లోపల్లోపలే ఏక్, దీ, తీన్, చార్ అంటూ పది దాకా వెళ్లి, అప్పుడు నా వైపు చూసి తెలుగులో “పది” అనేది. రాత్రికి రాత్రి కట్టలో పుల్లలు తగ్గవన్న నమ్మకం వాళ్లకు ఇంకా కుదరలేదు. అమరిక మారినా సంఖ్య మారదన్న ఎరుకనే పియాజే పదిలపరచుకునే భావన అన్నాడు, దాని మీద నేను ఎన్ని బిట్లు చేశానో లెక్కలేదు. దాన్ని కళ్లతో చూడటం మాత్రం ఆ గదిలోనే. తొందరపెట్టలేదు. విప్పకుండానే పది అనడానికి వాళ్లకు ఎనిమిది రోజులు పట్టింది.

అప్పుడు పాత లెక్కకు వెళ్లాం. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి, నాకు పదిహేడు ఇవ్వమన్నాను. ఒక అబ్బాయి ఒక కట్ట ఇచ్చాడు, రెండు పుల్లలు ఇచ్చాడు, ఆగిపోయాడు. ఇంకా అయిదు కావాలన్నాను. వాడు కట్టల వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“ఇది విప్పనా మేడం?”

నాకు కావలసిన మాట అదే. విప్పడం. ఎవరింటికీ వెళ్లనక్కర్లేదు, ఎవరికీ బాకీ పడనక్కర్లేదు. నాలుగు మూడు ఎందుకైందో, రెండు పన్నెండు ఎందుకైందో అందరి కళ్ల ముందే నేల మీద ఉంది. బోర్డు మీద 4 కొట్టేసి పైన 3, రెండు పక్కన 12 రాస్తుంటే కిటికీ పక్క అమ్మాయి ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి మా గదిలో తీసివేతకు అప్పు లేదు.

ఇంత చెప్పాక అందరికీ వచ్చేసిందనుకోకండి. నేల మీద చేసేవాళ్లు నోటుబుక్కులో మళ్లీ 35 రాసేవాళ్లు. నవంబరులో పత్తి తీతకు పెద్దవాళ్లతో పాటు పిల్లలూ పోయేవాళ్లు, సగం గది ఖాళీ. తిరిగి వచ్చిన వాళ్లకు మళ్లీ కట్టల దగ్గర నుంచి మొదలు. మధ్యలో కిరాణా దుకాణం ఆట పెట్టాను. కాగితం పది రూపాయల నోట్లు, అట్టముక్కల రూపాయి బిళ్లలు. చిల్లర అనే మాట విప్పడానికి తోడవుతుందని నా ఆశ. దుకాణదారుడిగా కూర్చున్నవాడు చిల్లర లేదంటూ రెండు రూపాయలకు చాక్లెట్ ఇచ్చాడు. ఇంకొకడు అట్టముక్క మీద గళ్లు గీసి, స్కాన్ చేయమన్నాడు. వాళ్ల తండాలో దుకాణం నడిచేది అలాగే, నా పాఠం కోసం మారుతుందా?

పెద్దసారుకు ఇదంతా సాగదీతగా కనిపించింది. “పరీక్షలో చీపురు పుల్లలు ఇవ్వరు కదమ్మా” అన్నారు. ఆ మాట తీసిపారేయదగింది కాదు. అందుకే పుల్లల నుంచి ఒక్కసారిగా అంకెల్లోకి దూకకుండా మధ్యలో బొమ్మలు పెట్టాను. కట్టకు ఒక నిలువు గీత, విడి పుల్లకు ఒక చుక్క. విప్పితే గీత కొట్టేసి పది చుక్కలు. మూడు వారాలు అంకెల పక్కనే ఆ గీతలూ చుక్కలూ నడిచాయి. నేను మానమనకుండానే ఒక్కొక్కరే మానేశారు. సున్నా మాత్రం ఏడిపించింది. 50 – 26 ఎంతంటే 36 అనేవాళ్లు, సున్నాలో ఏమీ లేదు కాబట్టి ఆరును అలాగే దించేసి. విచిత్రం ఏమిటంటే పుల్లలతో అదే లెక్క అన్నిటికన్నా త్వరగా చేసేవాళ్లు. విడి పుల్ల ఒక్కటీ లేకపోతే చేయి తిన్నగా కట్ట మీదికే పోతుంది.

ఏప్రిల్ నాటికి పదకొండు మందిలో ఎనిమిది మంది కాగితం మీద చేస్తున్నారు. ఇద్దరికి పుల్లలుంటే తప్పు రాదు, లేకపోతే పాత 35. ఇంకొకడు అమ్మానాన్నలతో పాటు వలస వెళ్లాడు, ఎక్కడ చదువుతున్నాడో తెలియదు.

వేసవి సెలవులకు నాలుగైదు రోజుల ముందు, తోచక, బోర్డు మీద 300 – 145 రాశాను. అది చెప్పలేదు, చెప్పే ఉద్దేశమూ లేదు. కిటికీ పక్క అమ్మాయి చాలాసేపు చూసింది.

“ఇందులో కట్టలు కూడా లేవు కదా మేడం. పది కట్టలు కలిపి కట్టిన కట్ట ఉంటే, ముందు దాన్ని విప్పాలి.”

చేసి చూపించమన్నాను. అందరి కట్టలూ పోగేస్తే నూట ఎనభై పుల్లలే తేలాయి. ఇంకా నూట ఇరవై కావాలని వాళ్లే లెక్క తేల్చి, వరండాలోకి పరుగెత్తారు. అప్పటికే వంటమ్మ కొత్త చీపురును బియ్యం గదిలో పెట్టి తాళం వేస్తోంది.