విల్లు పట్టిన వేళ్ళు

టెహ్రాన్‌లో మాలెక్ మ్యూజియానికి నేను వెళ్ళింది పార్థియన్ నాణేల కోసమే. ఇక్కడ మన శాతవాహనులు ఏలుతున్న రోజుల్లో ఇరాన్ ఈ పార్థియన్ రాజుల చేతుల్లో ఉండేది. ద్రాఖ్మా అనే వాళ్ళ వెండి నాణెం సుమారు 4 గ్రాములు. ఒకవైపు ఎడమకు తిరిగిన రాజు ముఖం, వెనకవైపు విల్లు పట్టుకుని కూర్చున్న విలుకాడు, చుట్టూ గ్రీకు అక్షరాలు. చిక్కేమిటంటే, చాలామంది రాజులు సొంత పేరు కాకుండా వంశకర్త అర్సాకెస్ పేరే వేయించారు. ఏ రాజో తేల్చాలంటే ముఖమే దిక్కు.

నాకు కావలసింది రాజు కాదు, ఆ ముఖాన్ని నాణెం కొట్టే అచ్చు మీద తిరగేసి చెక్కినవాడు. సిసిలీలోని సిరక్యూస్ నాణేల మీద కిమోన్, యువైనెటోస్ లాంటి అచ్చు చెక్కేవాళ్ళు దర్జాగా సంతకం పెట్టుకున్నారు. పార్థియన్ అచ్చులు చెక్కినవాళ్ళ పేర్లు మాత్రం మనకు తెలియవు. చేతి పనితీరును బట్టే పోల్చుకోవాలి.

పార్థియన్ రాజు రెండో మిథ్రదాతెస్ నాణేల ముందు మొదట ముఖాలే చూశాను. లాభం లేదు. రాజు ముఖం పైనుంచి వచ్చిన నమూనా, దాన్ని అందరూ జాగ్రత్తగానే దింపుతారు. మరో పార్థియన్ రాజు ఓరోడెస్ నుదుటి మీది పులిపిరి కూడా రాజుదే, పనివాడి చమత్కారం కాదు. చేయి దొరికిపోయేది ఎవరూ పట్టించుకోని చోట: చెవి తమ్మె, గడ్డంలో వెంట్రుకల వరసలు, వెనకవైపు విలుకాడి వేళ్ళు. ఒక నాణెంలో ఆ వేళ్ళు విడివిడిగా ఉన్నాయి, పక్కదానిలో మొత్తం చేయి ఒక చుక్క! అక్షరాలూ అంతే. కొందరు చివర్లలో చుక్కలు పెట్టి గీతతో కలుపుతారు. కాలం గడిచేకొద్దీ గ్రీకు రానివాళ్ళు చెక్కారు కాబోలు, అవి వట్టి గీతలుగా మిగిలాయి.

తొందరపడితే మోసపోతాం. అచ్చు అరిగితే గీతలు లావెక్కి, ఒకే అచ్చు నాణేలు కూడా వేరే చేతివిగా కనిపిస్తాయి. గురువు దగ్గర నేర్చినవాడు గురువులాగే చెక్కుతాడు. కాబట్టి ‘ఒకే చేయి’ అన్నచోట ‘ఒకే పనిశాల’ అనుకోవడమే మేలని నా అభిప్రాయం.

తర్వాత బస్సులో హమదాన్ వెళ్ళాను. పాత పేరు ఎక్బతానా. పార్థియన్ల పెద్ద టంకశాలల్లో ఒకటి ఇక్కడిదే, దాని గుర్తు నాణెం వెనకవైపు విల్లు కింద కనిపిస్తుంది. ఊరి మధ్యలోనే హెగ్మతానే దిబ్బ ఉంది, 2024లో యునెస్కో జాబితాకెక్కింది. రేకుల షెడ్డు కింద పచ్చి ఇటుక గోడలు, గళ్ళు గీసినట్టు తిన్నని వీధులు. పార్థియన్లకు చాలా ముందు ఇక్కడ ఏలిన మీడుల రాజధాని చూద్దామని వచ్చేవాళ్ళకు కాస్త నిరాశే, తవ్వకాల్లో ఆ కట్టడాలు పార్థియన్ కాలానివని తేలింది మరి. నాకు మాత్రం అంతకన్నా ఏం కావాలి!