చెంబుతో 20 నిమిషాలు

“అమ్మమ్మా, పేస్టు వద్దు. నీళ్లు కావాలి.”

సంక్రాంతికి ఇంగ్లండ్ నుంచి దేవరకొండ దగ్గరి మా ఊరికి వచ్చాం. సకినాలు కాలుస్తుంటే మూకుట్లో నూనె చిట్లి మా 11 ఏళ్ల పాప మణికట్టు మీద పడింది. మా అమ్మ ఉరికి టూత్‌పేస్టు తెచ్చింది. పాప చెయ్యి వెనక్కి లాక్కుంది. నేను పాపనే కసిరాను: “అమ్మమ్మకు ఎదురు చెప్తున్నవా? పెట్టించుకో.”

ఆ మాట ఇప్పటికీ నన్ను తొలుస్తూనే ఉంది. పాప అన్నదే సరైనదని నాకు తెలుసు. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబరు నుంచి సర్కారు బడుల్లో ప్రథమ చికిత్స నేర్పడం తప్పనిసరి. తను నేర్చుకొచ్చిన రోజు నా చెయ్యి పట్టి నల్లా కింద పెట్టి మరీ చూపించింది. పేస్టు వేడిని లోపలే ఆపుతుంది, డాక్టరుకు గాయం కనబడనీయదు. ఐసుగడ్డ పెడితే చర్మం ఇంకా దెబ్బతింటుంది. ఇవన్నీ తెలిసి కూడా, అమ్మ ముఖం చిన్నబోతుందని పిల్ల నోరు మూయించబోయాను.

పాప ఏడుస్తూనే పట్టు వదల్లేదు. “ముందు గాజులు తియ్యి, చెయ్యి వాస్తుంది.” అమ్మ ఉలిక్కిపడింది. పండుగ పూట ఆడపిల్ల గాజులు తియ్యడమా! పొద్దున్నే అమ్మ ఇష్టంగా తొడిగిన పచ్చ గాజులవి. నేను ఒక్కొక్కటే తీస్తుంటే అటు తిరిగి నిలబడింది. నల్లా వచ్చే టైం కాదు. డ్రమ్ములో నీళ్లు చెంబుతో ముంచి ధారగా పోయడం మొదలుపెట్టాను. ఏడెనిమిది నిమిషాలకే నా రెక్క పీకింది. ఆపబోతే పాప “ఇంకా” అంది. అప్పుడు అమ్మ మాట్లాడకుండా వచ్చి నా చేతిలోంచి చెంబు తీసుకుంది. మిగతా నీళ్లన్నీ తనే పోసింది, 20 నిమిషాలు నిండేదాకా.

బొబ్బ చిదమకుండా, నూగు లేని శుభ్రమైన బట్ట వదులుగా కప్పి దేవరకొండలో డాక్టరుకు చూపించాం.

రాత్రి అన్నాల దగ్గర అమ్మ అడిగింది: “అన్నిటికీ నీళ్లేనా బిడ్డా?” కాదంది పాప. సున్నం పొడి పడితే ముందు పొడిగానే దులపాలి, ఆ తర్వాతే నీళ్లు, చాలాసేపు. కరెంటు అయితే మనిషిని ముట్టుకోకముందే మెయిన్ బంద్ చెయ్యాలి. పైకి చిన్న మచ్చే కనబడ్డా లోపల కండరాలు, గుండె దెబ్బతినొచ్చు, 108కి ఫోన్ చెయ్యాల్సిందే. బావి కాడ మోటరు స్టార్టరు రోజూ ముట్టే మా తమ్ముడు కలుపుతున్న ముద్ద ఆపి విన్నాడు.

తోటి తల్లిదండ్రులకు చెప్పాలనుకున్నది ఇదే: పిల్లలు నేర్చుకున్నది పెద్దల ముందు చెప్పనివ్వండి. ఇది రాస్తుంటేనే చెయ్యి ఆగుతున్నది. ప్రతి ఆదివారం ఫోన్ ముందు కూర్చోబెట్టి “పెద్దల మాట కాదనొద్దు” అని నేర్పింది నేనే. ఏ మాట వినాలో, ఏది కాదనాలో అంత చిన్నపిల్ల ఎట్లా తేల్చుకుంటది? నాకే తేలలేదు.

మొన్న వీడియో కాల్‌లో అమ్మ వెనక, పొయ్యి పక్క గూట్లో పేస్టు ట్యూబు కనిపించింది. అక్కడి నుంచి తీసెయ్యమ్మా అందామనుకున్నాను. అంతలో అమ్మే “గాజులు మళ్లీ తొడిగినవా బిడ్డకు?” అంది. పాప చెయ్యి పైకెత్తి గాజులు గలగలలాడించింది. నేను ట్యూబు మాట ఎత్తలేదు.